కోయాక్స్ అతుకు: తీగలు కలిస్తే చాలదు

యాంటెన్నా కట్టడం అయిపోయింది. కోయాక్స్ కేబుల్ (నడుమ ఒక తీగ, దాని చుట్టూ ప్లాస్టిక్, ఆ పైన లోహపు అల్లిక) కిందికి దింపాక చూస్తే రేడియో దాకా ఇంకా నాలుగు మీటర్లు తక్కువ పడింది. అదే రకం కేబుల్ ముక్క ఒకటి పక్కనే ఉంది. చేతిలో కత్తి, ఇన్సులేషన్ టేపు ఉన్నవారికి మొదట తట్టేది ఒక్కటే: రెండు కొసలూ చెక్కి, మధ్య తీగను మధ్య తీగతో, పై అల్లికను పై అల్లికతో మెలేసి, టేపు చుట్టేయడం. కరెంటు వైరుకు అలా చేస్తే బల్బు వెలుగుతుంది. కోయాక్స్‌కు చేసినా చాలాసార్లు రేడియో పలుకుతుంది. అందుకే ఈ అతుకు మీద వాదన ఎప్పటికీ తెగదు. ఏళ్ల తరబడి అలాగే వాడుతున్నామనేవారు చెప్పేదీ నిజమే, అతుకు పెట్టిన రోజు నుంచే సిగ్నల్ పోయిందనేవారు చెప్పేదీ నిజమే. ఒకరు వాడేది 7 మెగాహెర్ట్జ్, ఇంకొకరు వాడేది 435. ఒకరి అతుకు గదిలో గోడ పక్కన ఉంది, ఇంకొకరిది వానలో వేలాడుతోంది. తేడా అంతా అక్కడే.

కోయాక్స్‌ను రెండు తీగలున్న కేబుల్ అనుకుంటే ఈ తేడా అర్థం కాదు. సిగ్నల్ శక్తి ప్రయాణించేది రాగి లోపల కాదు, మధ్య తీగకూ చుట్టూ ఉన్న అల్లికకూ నడుమ ఉన్న ప్లాస్టిక్‌లో. రాగి ఆ దారికి అటూ ఇటూ కట్టిన గట్టు లాంటిది. కేబుల్ మీద రాసి ఉండే 50 ఓంల సంఖ్యను ఇంపెడెన్స్ అంటారు, అంటే కేబుల్‌లో ప్రయాణించే సిగ్నల్ వోల్టేజీకీ కరెంటుకూ ఉన్న నిష్పత్తి. అది రెండే విషయాల మీద ఆధారపడుతుంది: అల్లిక లోపలి వ్యాసానికీ మధ్య తీగ వ్యాసానికీ ఉన్న నిష్పత్తి, నడుమ ఉన్న పదార్థం. ఆర్‌జీ-58 రకం కేబుల్‌లో మధ్య తీగ సుమారు 0.9 మిల్లీమీటర్లు, దాని చుట్టూ ఉన్న ప్లాస్టిక్ 2.95. ఆర్‌జీ-213లో తీగ 2.25, ప్లాస్టిక్ 7.25. ఒకటి వేలి కంటే బాగా సన్నం, ఇంకొకటి దాదాపు వేలంత లావు. అయినా రెండింట్లోనూ ఆ నిష్పత్తి మూడుకు కాస్త పైనే. నడుమ ఉన్నది రెండింట్లోనూ పాలిథిలీనే. కాబట్టి రెండూ 50 ఓంల కేబుళ్లే. కేబుల్ పొడవు, అల్లికలోని రాగి మందం ఈ లెక్కలోకి రావు.

ఇప్పుడు ఆ టేపు చుట్టిన అతుకును విప్పి దగ్గరగా చూడాలి. అల్లికను వెనక్కి లాగి, ఒక పక్కకు పోగుచేసి, జడలా మెలేసి ఉంటారు. మధ్య తీగ ఇంకో పక్కన ఉంటుంది. మూడు సెంటీమీటర్ల మేర అక్కడ కోయాక్స్ లేదు, పక్కపక్కన రెండు తీగలు మాత్రం ఉన్నాయి. మామూలు 50 ఓంల కేబుల్‌లో సెంటీమీటరుకు 2.5 నానోహెన్రీల ఇండక్టెన్స్ (కరెంటులో మార్పును అడ్డుకునే గుణం) ఉంటుంది. ఇలా విడిపోయిన చోట అది సుమారు 10కి చేరుతుంది. అంటే ఆ మూడు సెంటీమీటర్లలో అదనంగా 20 నానోహెన్రీలకు అటూ ఇటూగా చేరినట్టు. 7 మెగాహెర్ట్జ్ దగ్గర ఆ 20 నానోహెన్రీలు ఒక ఓం కూడా కావు. ఎస్‌డబ్ల్యూఆర్ (వెనక్కి తిరిగొచ్చే సిగ్నల్‌కు కొలత, 1 అంటే ఏమీ రానట్టు) 1.02 చూపిస్తుంది, అంటే మీటరు సూది కదలదు. 145 దగ్గర అదే అతుకు 18 ఓంలు, ఎస్‌డబ్ల్యూఆర్ 1.4. 435 దగ్గర 55 ఓంలు, ఎస్‌డబ్ల్యూఆర్ 2.8 దాటుతుంది. అతుకు అదే, టేపు అదే, చేసిన చెయ్యి అదే. మారింది తరంగదైర్ఘ్యం. పాలిథిలీన్ కేబుల్‌లో 7 మెగాహెర్ట్జ్ తరంగం 28 మీటర్ల పొడవు, 435 మెగాహెర్ట్జ్ తరంగం 45 సెంటీమీటర్లు. 28 మీటర్ల తరంగానికి మూడు సెంటీమీటర్ల గతుకు గోరంత కూడా కాదు. 45 సెంటీమీటర్ల తరంగానికి అది తన పొడవులో పదిహేనో వంతు.

మెలేసిన అతుకులో ఇంకో లోపం ఉంది, అది ఎస్‌డబ్ల్యూఆర్ మీటరుకు దొరకదు. అధిక ఫ్రీక్వెన్సీ కరెంటు రాగి పైపొరలోనే పారుతుంది. 10 మెగాహెర్ట్జ్ దగ్గర ఆ పొర మందం సుమారు 21 మైక్రాన్లు, 100 దగ్గర 7 కూడా ఉండదు. అందువల్ల అల్లిక లోపలి ముఖం మీద ఒక కరెంటు, బయటి ముఖం మీద ఇంకో కరెంటు వేర్వేరుగా పారగలవు. అల్లిక ఒకటే అయినా రేడియో దృష్టిలో అది రెండు వాహకాలు. అల్లిక చుట్టూ మూసి ఉన్నంత వరకు ఆ రెండు కరెంట్లూ కలవవు. జడలా మెలేసిన చోట గోడకు కన్నం పడినట్టే. లోపలి సిగ్నల్ కొంత బయటికి పాకుతుంది, బయటి చెత్త లోపలికి వస్తుంది. చవక చార్జర్లు, ఎల్‌ఈడీ దీపాల సప్లైలు చేసే రొద అల్లిక బయటి ముఖం మీద ఎప్పుడూ ఉంటుంది. బలహీనమైన సిగ్నళ్లు వినేవారికి అతుకు తర్వాత నేపథ్య రొద పెరిగితే తప్పు యాంటెన్నాది అనుకోవడం పరిపాటి. కేబుల్ దారిలో ఉన్న ఆ మూడు సెంటీమీటర్లను ఎవరూ అనుమానించరు.

సరైన దారి అందరికీ తెలిసిందే: రెండు కొసలకూ కనెక్టర్లు బిగించి, నడుమ రెండు వైపులా ఆడ సాకెట్ ఉన్న బ్యారెల్ పెట్టడం. అయితే ఏ కనెక్టర్ అన్నదానికి ఒకే జవాబు లేదు.

హామ్‌ల (అభిరుచితో రేడియో నడిపే లైసెన్సుదారుల) దగ్గర ఎక్కువగా కనిపించేది పీఎల్-259, దాని జోడు ఎస్ఓ-239. వీటికి ‘యూహెచ్ఎఫ్ (అతి అధిక ఫ్రీక్వెన్సీ) కనెక్టర్’ అన్న పేరు 1930ల నాటిది. ఆ రోజుల్లో 30 మెగాహెర్ట్జ్ దాటితేనే అతి అధికం అనేవారు. ఇప్పుడు యూహెచ్ఎఫ్ అంటే 300 నుంచి 3000 మెగాహెర్ట్జ్. పేరు చూసి 435కు ఇదే సరిపోతుందనుకుంటే పొరపాటు. ఈ కనెక్టర్ లోపల 50 ఓంల నిష్పత్తిని పాటించలేదు, ఇంపెడెన్స్ 35 ఓంల దగ్గరికి పడిపోతుంది. అలాంటి గతుకు నాలుగు సెంటీమీటర్లు ఉందనుకుని లెక్క వేస్తే 145 దగ్గర ఎస్‌డబ్ల్యూఆర్ 1.1 పైచిలుకు వస్తుంది, 435 దగ్గర 1.4 దాటుతుంది. షార్ట్‌వేవ్‌కు ఇది ఒక లెక్కలోది కాదు. 145కు సర్దుకుపోవచ్చు. ఆ పైన వద్దు.

ఆ లోటు తీర్చింది ఎన్ కనెక్టర్. బెల్ ల్యాబ్స్‌లో పాల్ నీల్ 1940లలో రూపొందించాడు, ఆ ‘ఎన్’ ఆయన పేరులోదే. లోపలంతా 50 ఓంల నిష్పత్తి కొనసాగుతుంది, 11 గిగాహెర్ట్జ్ దాకా పనికొస్తుంది, లోపల రబ్బరు వాషర్ ఉండి తడిని కొంత ఆపుతుంది. చిన్నదైన బీఎన్‌సీ పేరులోనూ ఆయనతో పాటు కార్ల్ కాన్సెల్‌మన్ ఉన్నాడు. ఆర్‌జీ-58 లాంటి సన్న కేబుళ్లకు బీఎన్‌సీ హాయిగా నప్పుతుంది. ఎన్ రకంలో ఒక జాగ్రత్త తప్పదు. 75 ఓంల ఎన్ కనెక్టర్లూ ఉన్నాయి, వాటి మధ్య సూది సన్నం. 75 ఓంల ఆడ సాకెట్‌లోకి 50 ఓంల లావు సూదిని దూర్చితే లోపలి రేకులు విచ్చుకుపోతాయి. ఆ తర్వాత అది దేనితోనూ గట్టిగా తగలదు.

కనెక్టర్ల గురించి ప్రచారంలో ఉన్న ఒక మాటను ఇక్కడ తేల్చేయాలి: ‘ఒక్కో కనెక్టర్‌కు అర డెసిబెల్ పోతుంది.’ అర డెసిబెల్ పోవడమంటే శక్తిలో దాదాపు 11 శాతం పోవడం. కిలోవాట్ పంపేచోట ఒక్క కనెక్టర్‌లో 109 వాట్లు వేడిగా మారాలి. బొటనవేలంత లోహపు ముక్కలో నాలుగు 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ల వేడి! అదే నిజమైతే లోపలి ప్లాస్టిక్ నిమిషాల్లో కరిగి కారిపోవాలి. కిలోవాట్ స్టేషన్లలో పీఎల్-259లు ఏళ్ల తరబడి చేతికి చల్లగానే తగులుతున్నాయి. వంద వాట్ల రేడియో ఉన్నవారు కూడా ఈ పరీక్ష చేయొచ్చు: కాసేపు క్యారియర్ (మాట లేని ఏకధాటి సిగ్నల్) పంపి, ప్రసారం ఆపాక కనెక్టర్‌ను ముట్టుకుంటే చాలు. వెచ్చగా తగిలితే ఆ కనెక్టర్‌లో తప్పుంది. చల్లగా ఉంటే షార్ట్‌వేవ్‌లో అతుకు వల్ల నష్టం గురించి బెంగ అనవసరం. నాలుగు మీటర్లు అదనంగా వాడిన కేబుల్ తినేదే అంతకంటే ఎక్కువ. ఒక్క అతుకు తప్పించాలని ముప్పై మీటర్ల పాత కేబుల్ పారేసి కొత్తది కొనేవారు డబ్బును తప్పు చోట పెడుతున్నారు.

అయితే ఇదంతా కనెక్టర్‌ను సరిగ్గా బిగించినప్పటి మాట. పీఎల్-259ను టంకం వేసి బిగించడం చూసినంత తేలిక కాదు. పక్కన ఉన్న చిన్న రంధ్రాల్లోంచి టంకం లోపలి అల్లికకు పట్టాలి. ఆ కనెక్టర్ ఒళ్లు మందపాటి లోహం, వేడిని తాగేస్తుంది. 25 వాట్ల ఐరన్‌తో అరనిమిషం పట్టుకుని కూర్చుంటే టంకం బయట ముద్దగా నిలబడుతుంది తప్ప లోపలికి దిగదు. ఈలోగా కేబుల్ ప్లాస్టిక్ మెత్తబడుతుంది. పాలిథిలీన్ సుమారు 110 డిగ్రీలకు కరుగుతుంది, మామూలు తగరం-సీసం టంకానికి 183 డిగ్రీలు కావాలి. ఈ రెండు అంకెల మధ్యే చేతి నేర్పంతా ఉంది. వెడల్పు మొన ఉన్న పెద్ద ఐరన్‌ను బాగా కాగనిచ్చి, నాలుగైదు సెకన్లలో పని ముగించి తీసేయడమే దారి. ‘తక్కువ వేడితో నెమ్మదిగా’ అనే జాగ్రత్త ఇక్కడ సరిగ్గా బెడిసికొడుతుంది. ప్లాస్టిక్ మెత్తబడితే మధ్య తీగ పక్కకు జరుగుతుంది. ఆ రోజు మీటరు బాగానే చూపిస్తుంది. కేబుల్ వంచిన ఏదో ఒక రోజు అల్లికకు తగులుతుంది. నురుగు ప్లాస్టిక్ ఉన్న తక్కువ నష్టపు కేబుళ్లు వేడికి ఇంకా సున్నితం. వాటికి టంకం మానేసి క్రింప్ రకం (నొక్కి బిగించే) కనెక్టర్, దానికి సరిపోయే డై (నొక్కే అచ్చు) వాడటం మేలు. అల్యూమినియం అల్లిక ఉన్న కేబుల్‌కు టంకం మార్గమే కాదు, మామూలు టంకం దానికి పట్టదు. క్రింప్‌లో డై కొలత అరమిల్లీమీటరు తప్పినా పనికిరాదు. పట్టకారుతో నొక్కి క్రింప్ అనుకోవడం పాత మెలిపెట్టే అతుకు కంటే ఏమంత గొప్ప కాదు.

కనెక్టర్లు దొరకని చోట, లేదా గొట్టంలోంచి లాగాల్సి వచ్చి లావు కనెక్టర్ పట్టని చోట, కేబుల్‌ను నేరుగా అతికించక తప్పదు. దానికీ ఒక మర్యాదైన పద్ధతి ఉంది. రెండు తీగలు కలపడం మీద కాక, ఆ నిష్పత్తిని తిరిగి కట్టడం మీద దృష్టి పెడితే ఆ పద్ధతి దానంతట అదే తోస్తుంది. పనికి ముందే వెడల్పాటి హీట్ ష్రింక్ గొట్టాన్ని (చివర్లో వేడి చేస్తే ముడుచుకుని అతుకును కప్పేదాన్ని) ఒక కేబుల్‌లోకి దూర్చి దూరంగా జరపాలి. (అంతా అయ్యాక గుర్తొచ్చి మళ్లీ కోసుకోని మనిషి లేడు.) రెండు వైపులా పై తొడుగు నాలుగు సెంటీమీటర్లు తీసి, అల్లికను కత్తిరించకుండా, చొక్కా చేయి మడిచినట్టు వెనక్కి తోయాలి. మధ్య తీగలను ఒకదాని మీద ఒకటి మెలేయకూడదు, లావు పెరిగి నిష్పత్తి చెడుతుంది. కొసలను ఆరేడు మిల్లీమీటర్లు మాత్రం పక్కపక్కన ఆనించి, సన్నగా టంకం వేసి, మొనదేలిన చోట్లు ఆకురాయితో సాపు చేయాలి. తర్వాత మిగిలిన కేబుల్ ముక్కలోంచి లోపలి ప్లాస్టిక్‌ను తీసి, సరిగ్గా ఖాళీ అంత పొడవు కోసి, నిలువునా చీల్చి, తీగ మీద తొడగాలి. ఇన్సులేషన్ టేపు చుట్టలు ఈ పని చేయవు. మందం, నడుమ గాలి రెండూ చేతి ఇష్టం. కేబుల్ సొంత ప్లాస్టిక్ అయితే మందమూ పదార్థమూ రెండూ కుదురుతాయి. దాని మీదికి ఒక వైపు అల్లికను ముందుకు లాగి, రెండో వైపు అల్లికను దానిపై ఒకటిన్నర సెంటీమీటరు కప్పి, సన్న రాగి తీగతో బిగువుగా చుట్టి, నాలుగు చోట్ల చుక్కలుగా టంకం వేస్తే చాలు. చుట్టూ టంకం పోస్తే లోపల ప్లాస్టిక్ కరుగుతుంది. చివరికి అతుకు లావు కేబుల్ లావు కంటే కొద్దిగానే ఎక్కువ ఉంటే పని బాగా వచ్చినట్టు. ఉసిరికాయంత ముద్ద వస్తే విప్పి మళ్లీ చేయడం మంచిది. శ్రద్ధగా చేసిన ఇలాంటి అతుకు 145 దగ్గర బ్యారెల్‌కు తీసిపోదు. దాని బలహీనత లాగుడు. గాల్లో వేలాడే చోట ఇది నిలవదు.

వేర్వేరు కేబుళ్లను కలపొచ్చా అన్నది తరచూ వచ్చే సందేహం. రెండూ 50 ఓంలే అయితే సన్నం, లావు కలపడంలో తప్పేమీ లేదు. 145 మెగాహెర్ట్జ్ దగ్గర 20 మీటర్ల ఆర్‌జీ-213, దాని చివర తేలిగ్గా వంగే ఆర్‌జీ-58 మూడు మీటర్లు కలిస్తే నష్టం సుమారు 2.3 డెసిబెల్స్. మొత్తం 23 మీటర్లూ ఆర్‌జీ-58 అయితే 4.5. ఏది ముందు, ఏది వెనక అన్నదానితో నష్టం మారదు, డెసిబెల్స్ కూడికే. 50కి 75 ఓంల టీవీ కేబుల్ కలిపితే మాత్రం లెక్క పొడవు మీద ఆధారపడుతుంది. అతికిన చోట ఎస్‌డబ్ల్యూఆర్ 1.5, వెనక్కి వచ్చే శక్తి 4 శాతమే. కానీ ఆ 75 ఓంల ముక్క సరిగ్గా పావు తరంగం పొడవుంటే (నురుగు కాని పాలిథిలీన్ ఉన్న కేబుల్‌లో 145 దగ్గర 34 సెంటీమీటర్లు) 50 ఓంలు అవతల 112.5గా కనిపిస్తాయి, ఎస్‌డబ్ల్యూఆర్ 2.25. దాన్ని రెట్టింపు చేసి అర తరంగం చేస్తే ఆ ముక్క అసలు లేనట్టే ఉంటుంది. కేవలం వినడానికైతే ఈ తంటా ఏదీ పట్టించుకోనక్కర్లేదు.

ఇంతవరకు చెప్పిన వాటన్నింటి కంటే ఎక్కువ అతుకుల్ని చంపేది నీళ్లు. విచిత్రం ఏమిటంటే ఓంల గురించి గంటలు వాదించేవారు కూడా ఈ విషయాన్ని రెండు చుట్ల టేపుతో సరిపెడతారు. రాగి అల్లిక దీపం వత్తి లాంటిది. వత్తి నూనెను పీల్చినట్టే, ఒక చుక్క అతుకులోకి చేరితే అల్లిక దాన్ని కేబుల్ పొడవునా లాక్కుపోతుంది, ఎగువకు కూడా. పాలిథిలీన్ డైఎలక్ట్రిక్ విలువ (ఇది పెరిగితే ఇంపెడెన్స్ తగ్గుతుంది) 2.25, నీటిది 80 దగ్గర. అంటే తడిసిన చోట ఇంపెడెన్స్ కుప్పకూలుతుంది. కానీ అసలు దెబ్బ తర్వాత తగులుతుంది. రాగికి చిలుం పడుతుంది, సన్న తీగలు ఒకదానికొకటి తగలడం మానేస్తాయి, నష్టం నెలనెలా పెరుగుతుంది. చిలుం పట్టిన అల్లికకు టంకం కూడా అంటదు.

ఆపే పద్ధతి పాతదే, ఓపిక కావాలి. మొదట, తర్వాత విప్పడానికి వీలుగా కనెక్టర్ల మీద ఒక పొర మామూలు వినైల్ టేపు. దాని మీద సెల్ఫ్ అమాల్గమేటింగ్ రబ్బరు టేపు, దాదాపు రెట్టింపు పొడవుకు సాగదీస్తూ, ప్రతి చుట్టూ ముందు చుట్టును సగం కప్పేలా. ఈ టేపుకు జిగురు ఉండదు, సాగినప్పుడే తనలో తాను కలిసిపోతుంది. సాగదీయకుండా చుడితే అది ఉత్త రబ్బరు రిబ్బనే. దాని మీద ఎండ తగలకుండా మళ్లీ వినైల్ టేపు. కేబుల్ నిలువుగా ఉంటే చివరి పొరను కింద నుంచి పైకి చుట్టాలి, అప్పుడు పై చుట్టు కింది చుట్టు మీద పడుతుంది, ఇంటి పెంకుల్లా నీరు జారిపోతుంది. పైనుంచి కిందికి చుడితే ప్రతి చుట్టూ ఒక చిన్న జేబు. సిలికాన్ జిగురు పూసేవారు ముందు వాసన చూడాలి. వెనిగర్ వాసన వస్తే ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం విడుస్తోందని అర్థం, అది రాగిని తినేస్తుంది. వాసన లేని న్యూట్రల్ రకమే వాడాలి.

ఇక పరీక్ష. మల్టీమీటర్‌తో మధ్య తీగ కలిసిందా, అల్లిక కలిసిందా, రెండూ ఒకదానికొకటి తగల్లేదా అని చూడటం మొదటి మెట్టు మాత్రమే. మెలేసిన అతుకు కూడా ఆ పరీక్షలో పాసవుతుంది. అవతలి కొసకు 50 ఓంల డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు సిగ్నల్‌ను మింగే నిరోధకం) పెట్టి, వాడబోయే ఫ్రీక్వెన్సీ దగ్గర ఎస్‌డబ్ల్యూఆర్ చూస్తూ అతుకును అటూ ఇటూ వంచితే అసలు సంగతి బయటపడుతుంది. అంకె గంతులేస్తే లోపల ఏదో వదులుగా ఉంది. ఇందులో ఒక ఉచ్చు ఉంది. నష్టం ఎక్కువున్న కేబుల్ తప్పుల్ని దాచిపెడుతుంది. 145 దగ్గర 30 మీటర్ల ఆర్‌జీ-58 ఒక దిక్కుకు దాదాపు 6 డెసిబెల్స్ తింటుంది. దాని అవతలి కొస పూర్తిగా తెగిపోయి గాల్లో ఉన్నా, తిరిగొచ్చే సిగ్నల్ రానూ పోనూ 12 డెసిబెల్స్ తగ్గి, ఇవతల ఎస్‌డబ్ల్యూఆర్ 1.7 లోపే చూపిస్తుంది. అందువల్ల డమ్మీ లోడ్ ఉన్న కొస దగ్గర పవర్ మీటర్ పెట్టి, పంపిందెంత చేరిందెంత అని పోల్చి చూడటమే నమ్మదగిన పద్ధతి. నానోవీఎన్ఏ (కేబుళ్లను, యాంటెన్నాలను కొలిచే చిన్న పరికరం) ఉన్నవారు అవతలి కొస విప్పేసి రిటర్న్ లాస్ (తిరిగొచ్చే సిగ్నల్ ఎన్ని డెసిబెల్స్ తగ్గిందో) చూసి, దాన్ని సగం చేస్తే కేబుల్ నష్టం తెలుస్తుంది.

ఆ అంకెను తేదీతో సహా రాసిపెట్టుకుని, నాలుగు వానలు పడ్డాక మళ్లీ కొలవాలి. నష్టం అర డెసిబెల్ పెరిగి ఉంటే అతుకు విప్పి, పై తొడుగు గీరి అల్లిక రంగు చూడాలి. నల్లగానో పచ్చగానో ఉంటే ఒక అడుగు వెనక్కి కోయాలి. అక్కడా మెరుపు లేకపోతే ఇంకో అడుగు.